మైనంలో లేని ముక్క

పోచయ్య కింది పెదవి నుంచి కోసి మైనంలో దాచిన ముక్క ఇప్పుడు ఆ మైనంలో లేదు.

ఎల్బీనగర్ ఆసుపత్రి ల్యాబు నుంచి ఫోన్ చేసిన అమ్మాయి ఆ సంగతి రెండుసార్లు చెప్పింది. శ్రీకళ మళ్ళీ అడగలేదు. ఫోన్ దించి, హాల్లో ఉన్న వాళ్ళ వైపు చూసింది.

ఆదివారం కాబట్టి అందరూ ఇంట్లోనే ఉన్నారు. తండ్రి పోచయ్య కుర్చీలో కూర్చుని, పెదవికి తగలకుండా చెంచాతో జావ తాగుతున్నాడు. తల్లి అండాలు వడ్డిస్తోంది. అబ్దుల్లాపూర్‌మెట్ అవతల సినిమా స్టూడియోలో లైట్ల పనిచేసే అన్న గజేందర్, రాత్రి షూటింగ్ నుంచి వచ్చి గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నాడు. మేడ మీద గదిలో కిరాయికి ఉండే గౌతమ్, ప్రతి ఆదివారంలాగే కింద పీట మీద కూర్చుని అన్నం తింటున్నాడు.

"ఏందంట?" అన్నాడు గజేందర్ కళ్ళు తెరవకుండానే.

"మనమిచ్చిన బిళ్ళల బాపు ముక్క లేదంట. ఒట్టి మైనమే ఉన్నదంట."

గజేందర్ కళ్ళు తెరిచాడు.

ఆ బిళ్ళ అగ్గిపెట్టె అంత కూడా ఉండదు. చిన్న ప్లాస్టిక్ డబ్బీ, దాని మీద గడ్డకట్టిన తెల్లటి మైనం, మైనం నడుమ బియ్యపు గింజంత ముక్క. దిల్‌సుఖ్‌నగర్ డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్ళు దాన్ని చూసి, కణాలు బాగా చెడ్డాయి కానీ క్యాన్సర్‌గా మారాయో లేదో తేల్చలేమన్నారు. ఎల్బీనగర్ డాక్టరమ్మ అదే బిళ్ళను తెమ్మంది. అందులో కొన్ని ప్రోటీన్ల కోసం వెతకాలని, దాన్నిబట్టే ఆపరేషన్ ఉంటుందని చెప్పింది. మారకపోతే పెదవి మీది పొర ఒలిస్తే సరిపోతుంది. మారి ఉంటే పెదవినే కొంత కోసెయ్యాలి.

ఒక ల్యాబులో ఉన్న బిళ్ళ ఇంకో ల్యాబుకు చేరాలంటే మోసేది ఇంటివాళ్ళే. కాలేజీ నుంచి వచ్చే దారిలోనే కదా అని దిల్‌సుఖ్‌నగర్ నుంచి గౌతమ్ తెచ్చాడు. అమావాస్య ముందు అలాంటి వస్తువు గడప దాటకూడదని అండాలు పట్టుబట్టి, దేవుడి గూట్లో పెట్టింది. అమావాస్య వెళ్ళాక శ్రీకళ ఎల్బీనగర్‌లో ఇచ్చి వచ్చింది. అంతకు మించి ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

"అమ్మా," అన్నాడు గజేందర్. "బీరువల పెట్టుమంటే గూట్ల పెట్టినవ్. ఏం చేసినవ్ దాన్ని?"

అండాలు చేతిలోని గరిట కింద పెట్టింది. తానేమీ చేయలేదంది. తర్వాత, పసుపు రాసి బొట్టు పెట్టానంది. ఇంకాసేపటికి, నరసింహస్వామి పటం ముందు దీపం పక్కనే పెట్టానని, స్వామి చూపు పడాలని అలా చేశానని చెప్పింది. ఒక్కో మాటకూ ఆమె గొంతు తగ్గిపోతూ వచ్చింది.

"సామి చూపు కాదు, దీపం సెగ పడ్డది," అన్నాడు గజేందర్. "మైనమమ్మా అది. మైనం తీస్కపోయి దీపం కాడ పెడ్తరా ఎవరన్న?"

"దూరంగనే పెట్టిన బిడ్డా."

"ఇప్పుడే పక్కన అంటివి."

గజేందర్ గౌతమ్ వైపు తిరిగాడు. ఆ ఇంట్లో ఏ తగాదా తెగాలన్నా ఈ మధ్య అతన్నే అడుగుతున్నారు. అతను ఎం.బి.బి.ఎస్. చదివాడు, ఇప్పుడు పాథాలజీలో పీజీ చేస్తున్నాడు. అతని సొంతూరు కాకినాడ.

"డాక్టర్ సాబ్, నువ్వు చెప్పు. దీపం వేడికి ఆ మైనం కరుగుతదా, కరగదా?"

ముద్ద కలుపుతున్న గౌతమ్ చెయ్యి కంచంలోనే ఆగింది. "మైనం కదండీ," అన్నాడు. "వేడి తగిలితే మెత్తబడుతుంది."

ఇంకేదో అంటాడని అందరూ చూశారు. అతను కంచం వైపే చూస్తూ ఉండిపోయాడు.

అండాలు గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది. ఆమె ఏడవలేదు. రెండు అరచేతులూ ఒళ్ళో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంది.

"ఇగ లొల్లి ఆపున్రి," అన్నాడు పోచయ్య. పెదవి పూర్తిగా కదపకుండా మాట్లాడడం అతనికి అలవాటైపోయింది. "ముక్క సామి కాడ పెట్టిన్రు. సామి తీస్కున్నడు. మంచిగనే అయింది కదా. రేపటి సంది డూటీకి పోత."

శ్రీకళ తండ్రి ముందుకు వచ్చి నిలబడింది. డాక్టరమ్మ ఇంకో ముక్క తీయాలంటుందని, చిటికెలో అయిపోతుందని నచ్చజెప్పబోయింది.

"కోయనియ్య."

"బాపూ."

"ఒక్కసారి కోసిన్రు కదా బిడ్డా. మల్ల కోయనియ్య."

ఎందుకో అందరికీ తెలుసు. మొదటిసారి కోసిన తర్వాత, కుట్లు ఆరకముందే అతను డ్యూటీకి వెళ్ళాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో ట్రాఫిక్ హోంగార్డుగా అతను నిలబడని ఎండ లేదు. ఆ రోజు ఈల నోట్లో పెట్టుకుని ఊదితే ఈలలోంచి నెత్తురు కారింది. సిగ్నల్ దగ్గర ఆగిన బండ్ల వాళ్ళు చూశారు. ఒక ఆటో అతను, "కాకా, పాన్ జర తక్కువ తిను," అని నవ్వి వెళ్ళిపోయాడు.

జీవితంలో పాన్ గానీ, గుట్కా గానీ, బీడీ గానీ ముట్టని మనిషి. ఇంట్లోవాళ్ళే నమ్మలేదు. పోయిన నెలంతా అదే గొడవ. గజేందర్ తండ్రి చొక్కా జేబులు, బండి డిక్కీ కూడా వెతికాడు. ఇది పొగాకుది కాదు, ఎండది అని డాక్టరమ్మ చెప్పాకే ఆ గొడవ సద్దుమణిగింది. ఫ్లైఓవర్ కట్టాక నీడ వచ్చింది కానీ తన పెదవి అంతవరకు ఆగలేదని పోచయ్య ఆ రోజు ఆసుపత్రి మెట్ల మీద నవ్వబోయి, నొప్పితో ఆపేశాడు.

"అంకుల్," అన్నాడు గౌతమ్ హఠాత్తుగా. "ఇంకోసారి తీయించుకోండి. ఆలస్యం చేయకండి అంకుల్, దయచేసి."

పరాయి పిల్లవాడికి ఇంత ప్రేమేమిటా అన్నట్టు పోచయ్య అతని వైపు చూశాడు. గౌతమ్ సగం అన్నం వదిలేసి లేచి, చెయ్యి కడుక్కుని మేడ మీదికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం దేవుడి గూట్లో దీపం వెలగలేదు.

శ్రీకళ అది చూసి వంటింట్లోకి వెళ్ళింది. అండాలు కడిగిన గిన్నెలనే మళ్ళీ కడుగుతోంది. దీపం పెట్టలేదేమని అడిగితే ఇంకో గిన్నె అందుకుంది.

"ఆ చేతితోనే మల్ల వెలిగియ్యాల్నా?" అంది చివరికి.

తర్వాత తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పుకొచ్చింది. గజేందర్ బండి కొన్నప్పుడు బొట్టు పెట్టింది. శ్రీకళ ఇంటర్ హాల్ టికెట్‌కు పెట్టింది. ఇంట్లోకి మొదటి గ్యాస్ సిలిండర్ వచ్చినప్పుడు దానికీ పెట్టింది. ఈ ఇంట్లో ముఖ్యమైనదేదీ బొట్టు లేకుండా బయటికి పోలేదు. అన్నిటికీ మంచే జరిగింది.

"మీ అన్న అన్నదాంట్ల తప్పేమున్నది," అంది. "మీ బాపు బతుకే తీస్కపోయి సెగకు పెట్టిన."

శ్రీకళ తల్లి చేతిలోని గిన్నె తీసుకుని పక్కన పెట్టింది. తల్లి తప్పు లేదనడానికి ఆమె దగ్గర రుజువు లేదు. నిజం చెప్పాలంటే ఆమెకూ కోపంగానే ఉంది. ఆ కోపం తల్లికి కనబడకూడదని మాత్రం అనుకుంది.

హాల్లో పోచయ్య ఖాకీ ప్యాంటు ఇస్త్రీ చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. రేపటి మధ్యాహ్నం డ్యూటీ. అతను నిజంగానే వెళ్ళబోతున్నాడు.

మర్నాడు పొద్దున్నే శ్రీకళ, తాను ఎంక్వయిరీ కౌంటర్లో పనిచేసే చైతన్యపురి కోచింగ్ సెంటర్‌కు ఫోన్ చేసి రానని చెప్పింది. ఎల్బీనగర్ వెళ్ళి డాక్టర్ ఉదయలక్ష్మి గది ముందు కూర్చుంది. పిలుపు రాగానే లోపలికి వెళ్ళి, కూర్చోకుండానే, మా అమ్మకు తెలియక జరిగింది, క్షమించమంది.

"మీ అమ్మగారు ఏం చేశారు?" అంది ఉదయలక్ష్మి.

శ్రీకళ పసుపు, బొట్టు, దీపం అన్నీ చెప్పింది. డాక్టరమ్మ కోప్పడలేదు. సొరుగులోంచి ఆ బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది. డబ్బీ అంచుల్లో పసుపు ఇంకా ఉంది.

"పసుపు వల్ల ఏమీ కాదమ్మా. తుడిస్తే పోతుంది. ఇక దీపమంటావా, మీ ఇంట్లో నెయ్యి కరిగిస్తే అందులోని జీడిపప్పు కూడా కరుగుతుందా?"

"కరగదు మేడం."

"ఇదీ అంతే. మైనం మొత్తం కారిపోయినా ముక్క అక్కడే పడి ఉండాలి. పైగా ఇది అసలు కరగలేదు." ఆమె బిళ్ళను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. "చూడు, పైన అద్దంలా ఎంత నున్నగా ఉందో. కరిగి గడ్డకట్టింది ఇలా ఉండదు. ఇది మిషన్ మీద కోసింది. ఉల్లిపొర కంటే పల్చగా, పొర మీద పొర. ముక్క అయిపోయేదాకా కోశారు."

శ్రీకళ అప్పుడు కూర్చుంది.

ఎవరైనా అలా ఎందుకు కోస్తారని అడిగింది. ఉదయలక్ష్మి నిదానంగా చెప్పింది. ఆమె కూడా కొన్ని పొరలు కోసి రంగు పరీక్షలు చేద్దామనే ఆ బిళ్ళ తెమ్మంది. కణాల్లో పి-53 అని ఒక ప్రోటీన్ ఉంటుంది. కణం దారి తప్పకుండా ఆపేది అదే. ఏళ్ళ తరబడి ఎండ తగిలితే అది పాడవుతుంది. పాడైంది పని చేయదు, బయటికీ పోదు, కణం నడుమ పోగుపడుతుంది. రంగు వేస్తే గోధుమ రంగులో బయటపడుతుంది. ఇంకొకటి కెఐ-67. కణం రెండుగా చీలే పనిలో ఉన్నప్పుడే అది కనిపిస్తుంది. మామూలు పెదవిలో అట్టడుగు వరుసలోనే ఉంటుంది. పై వరుసలకు పాకిందంటే అనుమానించాలి.

"ఈ రెండూ కనిపించినంత మాత్రాన క్యాన్సర్ అనెయ్యం," అంది. "చర్మానికి అడుగున ఒక గీత ఉంటుంది. చెడ్డ కణాలు ఆ గీత దాటి కిందికి దిగాయా అన్నదే అసలు ప్రశ్న. అన్నీ కలిపి చూస్తే మీ నాన్నగారి పెదవి ఎంతవరకు తీయాలో తెలుస్తుంది. కానీ దేన్ని చూడను? ఇక్కడ ముక్కే లేదు."

"ఎవరికి గావాల్సొచ్చింది మేడం, మా బాపు పెదవి?"

"థీసిస్ రాసేవాళ్ళకి." ఆ మాట ఆమెకు అనడం ఇష్టం లేనట్టే ఉంది. "మన దగ్గర నోటి క్యాన్సర్లకు కొదవ లేదు. అన్నీ పొగాకువే, బుగ్గల్లోనే. ఎండ వల్ల పెదవికి వచ్చేవి అరుదు. ఒక్కటి దొరికితే వదిలిపెట్టరు. ఈ బిళ్ళ ఎవరెవరి చేతుల్లోకి వెళ్ళింది?"

శ్రీకళ వరసగా చెప్పింది. గౌతమ్ పేరు దగ్గరకు వచ్చేసరికి ఆమె మాట మందగించింది. మా మీది గదిలో ఉంటాడని, పాథాలజీ పీజీ అని చెప్పింది. చెబుతున్నప్పుడు తన మాటలు తనకే వినపడ్డాయి.

ఉదయలక్ష్మి ఫోన్ తీసి దిల్‌సుఖ్‌నగర్ సెంటర్‌తో మాట్లాడింది. తాము పై పొరలు కొన్ని తీశామని, చాలా భాగం ముక్క బిళ్ళలో ఉండగానే డాక్టర్ గౌతమ్ చేతికి ఇచ్చామని వాళ్ళన్నారు. ఆమె ఫోన్ పెట్టేసింది.

"నిన్న మీ ఇంట్లో దీపం గురించి మాట్లాడుకున్నప్పుడు ఆ అబ్బాయి ఉన్నాడా?"

"ఉన్నడు."

"ఏమన్నాడు?"

"మైనం కదా, మెత్తబడుతదన్నడు."

డాక్టరమ్మ బిళ్ళను తిరిగి సొరుగులో పెట్టింది. "పాథాలజీలో చేరిన మొదటి నెలకే తెలుస్తుందమ్మా, ముక్క కరగదని," అంది.

మెట్రోలో సీటు దొరికినా శ్రీకళ కూర్చోలేదు. తలుపు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడింది.

కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. కోపం కంటే ముందు వేరే సంగతులు గుర్తొచ్చాయి. తండ్రి పెదవి మీది తెల్లటి మచ్చను మొదట చూసింది గౌతమే. మెట్లు ఎక్కబోతున్నవాడు ఆగి, అంకుల్ ఇది ఎన్నాళ్ళ నుంచి ఉందని అడిగాడు. అప్పటిదాకా వాళ్ళందరూ పగుళ్ళనుకుని వెన్న రాస్తున్నారు. అతనే బతిమాలి డాక్టర్ దగ్గరకు పంపాడు. పెదవికి సూది గుచ్చేటప్పుడు పోచయ్య పట్టుకున్నది గజేందర్ చెయ్యి కాదు, గౌతమ్ చెయ్యి.

అలాంటి మనిషి నిన్న అండాలు తల దించుకుని కూర్చుంటే అన్నం కంచం చూస్తూ ఉండిపోయాడు.

చైతన్యపురిలో దిగి ఆమె అతనికి ఫోన్ చేసింది. ఏమీ అడగలేదు. బాపు డ్యూటీకి బయలుదేరుతున్నాడని, మీరు చెబితే వింటాడేమో ఒకసారి రమ్మని మాత్రం అంది. వస్తున్నానన్నాడు. అరగంట తర్వాత ఆమె ఇంటి సందు మలుపు తిరిగేసరికి అతని బండి వాళ్ళ గేటు ముందు ఆగి ఉంది.

పోచయ్య ఖాకీ బట్టలు వేసుకుని, బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. అండాలు టిఫిన్ డబ్బాకు గుడ్డ చుడుతోంది. నిన్నటి నుంచి తల్లితో మాట్లాడని గజేందర్, తలుపు దగ్గర నిలబడి తండ్రితో వాదిస్తున్నాడు. గౌతమ్ గడప బయటే ఉన్నాడు. హెల్మెట్ కూడా తీయలేదు.

"లోపలికి రాన్రి," అంది శ్రీకళ. "ఒక్కటే అడుగుత. అందరి ముంగట చెప్పాలె."

అతను హెల్మెట్ తీసి లోపలికి వచ్చాడు. ఆమె ముఖం చూశాడు. అడగబోయేది ఏమిటో అప్పుడే తెలిసినట్టుంది.

"దీపం సెగకు మైనం కరిగితే, దాంట్లున్న ముక్క ఏడికి పోతది గౌతమ్ గారు?"

టిఫిన్ డబ్బా మీద అండాలు చెయ్యి ఆగింది. పోచయ్య ఒక బూటు తాడు కట్టడం ఆపి, వంగిన నడుముతోనే పైకి చూశాడు.

గౌతమ్ కింద కూర్చున్నాడు. అండాలుకు ఎదురుగా, నేల మీద.

"ఎక్కడికీ పోదు," అన్నాడు. "అక్కడే ఉంటుంది. మీ తప్పేం లేదు ఆంటీ. ఆ బిళ్ళ మీ చేతికిచ్చేటప్పటికే అందులో ఏమీ లేదు. మొత్తం నేనే కోసేశాను."

గజేందర్ ఒక్క అంగలో వచ్చి అతని కాలర్ పట్టుకున్నాడు. చొక్కా గుండీ ఊడి నేల మీద పడింది. గౌతమ్ విడిపించుకోలేదు.

"ఇడువు," అన్నాడు పోచయ్య.

"బాపూ, వీడు మన ఇంట్ల తినుకుంట..."

"ఇడువుమన్ననా లేదా? చెప్పనియ్."

గజేందర్ వదిలాడు. గౌతమ్ కాలర్ సరిచేసుకోలేదు. పోచయ్య వైపు తిరిగాడు.

"నా థీసిస్ ఎండ వల్ల పెదవికి వచ్చే జబ్బు మీద అంకుల్. కేసులు దొరకవు. వారం వారం మా సార్ అడిగేవారు, నేను తల వంచుకుని బయటికి వచ్చేవాణ్ణి. అలాంటప్పుడు మెట్ల దగ్గర మీ పెదవి చూశాను. మొదట భయం వేసింది. నిజంగా వేసింది. ఆ వెంటనే సంతోషం కూడా వేసింది. ఆ రెండోది ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

"బిళ్ళ నేను తెస్తానన్నది అందుకే. దారిలో ఉందని కాదు. కాలేజీకి తీసుకెళ్ళి రెండు మూడు పొరలు తీసుకుని, మిగతాది మీకిచ్చేద్దామనుకున్నాను. అడిగితే మీరు కాదనేవాళ్ళు కాదు. కానీ అడగాలంటే దేని కోసం వెతుకుతున్నానో చెప్పాలి. మీ ఎదురుగా కూర్చుని ఆ మాట అనలేకపోయాను. అడగకుండా తీసుకోవడం తేలికనిపించింది.

"మొదటిసారి రంగు సరిగ్గా పట్టలేదు. మళ్ళీ కోశాను. ఈసారి పట్టింది. పి-53 వరసంతా గోధుమ రంగే. కెఐ-67 పై వరుసల దాకా పాకి ఉంది. అంతటితో ఆగాల్సింది, నాకు కావలసింది వచ్చేసింది. కానీ ఒక మూల, అడుగు గీత దగ్గర ఏదో తేడాగా కనిపించింది. ఇంకొంచెం లోపలికి కోస్తే తెలుస్తుందనిపించింది. కోశాను. ఇంకొంచెం. అప్పుడిక థీసిస్ గుర్తు లేదు. మీరే గుర్తున్నారు. అది కాదని తేలాలని కోస్తూ పోయాను. తేలేసరికి కోయడానికి ఏమీ మిగల్లేదు."

అతను ఆగాడు. అండాలు టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, అతని దగ్గరగా జరిగింది.

"ఏం తేలింది బిడ్డా?" అంది.

గౌతమ్ ఆమె వైపు చూడలేకపోయాడు. చెప్పడం మొదలుపెట్టినప్పుడు అతని గొంతు మామూలుగానే ఉంది, పాఠం అప్పజెబుతున్నట్టు.

"దిల్‌సుఖ్‌నగర్ వాళ్ళు చూసిన పై పొరల్లో అది లేదు ఆంటీ. వాళ్ళ తప్పు కాదు. నేను కోసిన లోపలి పొరల్లో ఉంది. ఆ రోజే వచ్చి చెప్పాల్సింది. చెబితే నీకెలా తెలిసిందంటారు. ముక్క లేదని తెలిస్తే ఎల్బీనగర్‌లో మేడం ఎలాగూ ఇంకోటి తీస్తారు, అప్పుడు అదే బయటపడుతుంది, మధ్యలో నా పేరు రాదు అని లెక్క వేసుకున్నాను. అంకుల్ కోయనివ్వనంటారని నా లెక్కలో లేదు. గజేందర్ గారు దీపం గురించి అడిగినప్పుడు నిజం నాలుక చివర దాకా వచ్చింది. అబద్ధం ఆడలేదు, మైనం మెత్తబడుతుందన్నాను అంతే. అబద్ధమే ఆడి ఉంటే ఇంత సిగ్గుగా ఉండేది కాదేమో. ఇవాళ శ్రీకళ గారు ఫోన్ చేయకపోతే ఇప్పుడు కూడా వచ్చేవాణ్ణో కాదో నాకే తెలీదు.

"స్లయిడ్లన్నీ ఉన్నాయి. ఒక్క పొర కూడా పారెయ్యలేదు. ఇప్పుడే తీసుకెళ్ళి మేడం చేతిలో పెడతాను, ఎక్కడివో నేనే చెబుతాను. నా సీటు సంగతి వాళ్ళిష్టం. నన్ను కొట్టాలనుంటే కొట్టండి, ఇవాళే గది ఖాళీ చేయమన్నా చేస్తాను. కానీ మీరు ఆ బూట్లు విప్పండి అంకుల్. ఆ ఎండలోకి వెళ్ళకండి. పైన పొర ఒలిచినంత మాత్రాన సరిపోదు, పెదవి కొంత తీసెయ్యాలి. నేను చూసినంతవరకు ఇంకా చిన్నదే. ఆలస్యం చేస్తే చిన్నదిగా ఉండదు. మీకున్నది క్యాన్సరే అంకుల్. ఈ ఇంట్లో ఆ సంగతి తెలిసి కూడా అన్నం తిన్నది నేనొక్కణ్ణే."